పటంలో లేని ఇల్లు

ఆ పటంలో ఇల్లు లేదు. తప్పు పిల్లలదని మాత్రం అనకండి. పదేళ్ళదీ ఆరేళ్ళదీ నేలమీద బోర్లా పడుకుని, నాలుకలు బయటపెట్టి, రంగు పెన్సిళ్ళు మొండి అయ్యేదాకా వేసిన పటమది. తప్పు మీది. "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అని నలుగురిలో నవ్వుతూ చెప్పారే, మీది. "ఊరంతా తిరగడం కూడా చదువేనా" అని మూతి తిప్పారే, మీది. ఆ పిల్లల అమ్మ చేతిలోంచే టీ కప్పు అందుకుంటూ, ఆమెతోనే "మీవారు పిల్లల్ని ఎంత శ్రద్ధగా చదివిస్తున్నారండీ" అన్నారే, మీది. ఈ వరసలో నిలబడాల్సిన మనిషి ఇంకొకరున్నారు. ఆ మనిషి సంగతి తర్వాత చెబుతాను. ముందు పటం.

నాలుగు పెద్ద షీట్లు వెనకనుంచి టేపుతో అతికిస్తే గోడంత అయింది. పైన "మా ఊరి పనులు" అని లావు అక్షరాలు. కింద పోస్టాఫీసు, బేకరీ, దాని పొయ్యి, పొయ్యిలో మంట. బస్ డిపో, ఫైర్ స్టేషన్, పశువుల ఆసుపత్రి, ఐసు ఫ్యాక్టరీ, చెప్పులు కుట్టే ఆయన గొడుగు. మొత్తం ఇరవై ఆరు చోట్లు. ప్రతి బొమ్మ కింద రెండే వాక్యాలు: ఇక్కడ అందరికంటే ముందు వచ్చేదెవరు, అందరికంటే చివర వెళ్ళేదెవరు. ఎక్కడికెళ్ళినా పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు ఆ రెండూ. మిగతావి నోటికొచ్చినట్టు అడుగుతారు, అది వేరే. బేకరీలో ముందు వచ్చేది పొయ్యి రాజేసే తాత, చివర వెళ్ళేది ట్రేలు కడిగే ఆవిడ. డిపోలో ముందు వచ్చేది ఊడ్చే ఆవిడ, చివర వెళ్ళేదీ ఊడ్చే ఆవిడే. "అయితే ఆవిడ ఇంటికెప్పుడెళ్తుంది?" అని పెద్దది డిపో మేనేజరునే నిలదీసింది. ఆయన చేతిలో ఉన్న కాగితాలు తిరగేసి మరగేసి, చివరికి తల గోక్కున్నాడు. ఊరికే లాయరని పేరు రాలేదు దానికి. చిన్నది పిచ్చుక. తిండి గింజలు ఏరినట్టు తింటుంది, కబుర్లు మాత్రం వీధికంతా సరిపోతాయి.

లాయరు రెండో తరగతిలో ఉండగా ఒకరోజు టీచర్ని అడిగింది: తిరిగేది భూమి అయితే, సూర్యుడు వచ్చాడు, వెళ్ళాడు అని పుస్తకంలో ఎందుకు రాశారని. పీరియడంతా బయట నిలబెట్టారు. మర్నాడు మళ్ళీ అడిగింది, మళ్ళీ నిలబెట్టారు. మూడోరోజు సాయంత్రం వాళ్ళ నాన్న, నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు, దాని బ్యాగు తీసి అటక మీద పడేసి, "చాలు. ఇకమీద మనమే చెప్పుకుందాం" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు భర్త మీద ఆమెకి పొంగిన ప్రేమ అంతా ఇంతా కాదు. ఇవాళ్టికీ అది తగ్గలేదు. కాకపోతే ఆ "మనం"లో ఎన్ని చేతులున్నాయో అప్పుడు చూసుకోలేదు. రెండే. రెండూ ఆమెవే. సర్వే ఆఫీసులో పన్నెండేళ్ళు పటాలు గీసింది ఆమె. కొన్నాళ్ళకి వస్తానని సెలవు పెట్టింది. మూడేళ్ళయింది, ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు.

అలాగని ఏడుస్తూ చేస్తోందనుకుంటే పొరపాటే. బుధవారం అంటే ఆమెకి ప్రాణం. బుధవారమే వాళ్ళు ఊరి మీద పడే రోజు. బేకరీకి వెళ్ళినరోజు పిచ్చుక కనురెప్పల మీద కూడా పిండే, తుమ్మితే పొగలా లేచింది. పోస్టాఫీసులో లాయరు నూటపది ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, ఆ రాత్రి కంచం మీద కూడా పిడికిలితో ముద్రలు కొట్టింది. పశువుల ఆసుపత్రిలో మేక పిల్ల పుడుతుంటే ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. దారంతా పిచ్చుక మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, "నేను కూడా ఇంత జారుగా ఉన్నానా?" అంది. ఇలాంటి ఒక్క మాట కోసం ఎన్ని బుధవారాలైనా మోయొచ్చని ఆమెకనిపించింది. నిజంగానే అనిపించింది. మోసేవాళ్ళందరికీ అలాగే అనిపిస్తుంది, అక్కడే ఉంది తిరకాసు.

బుధవారం బుధవారంనాడు మొదలవదు. అంతకుముందు బుధవారం సాయంత్రమే మొదలవుతుంది. ఫోన్లు. "చిన్నపిల్లలండీ, ఏమీ ముట్టుకోరండీ, ఇరవై నిమిషాలండీ." ఏ బడి అని అడుగుతారు. ఇంటి దగ్గరే చదువుతున్నారంటే అవతల కాసేపు గాలి వినిపిస్తుంది. "మీరేం చేస్తుంటారు?" "ఏమీ చెయ్యనండీ, ఇంట్లోనే." ఒక చోట ఒప్పుకోవడానికి మూడు ఫోన్లు, ఇంకోచోట అయిదు. ఆ తర్వాత ఆమె ఒక్కతే ఓసారి వెళ్ళి చూసి వస్తుంది. మెట్లకి పక్కన గోడ ఉందా, కుక్క ఉందా, అన్నిటికంటే ముఖ్యం, బాత్రూం ఉందా. ఈ ఊళ్ళో ఏ గుమ్మం వెనక బాత్రూం ఉందో, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో, ఏ బస్టాపులో నీడ ఉందో, ఏ కండక్టరు పిల్లలు కిటికీ పక్క కూర్చునేదాకా ఆగుతాడో, అదంతా ఆమె తలలో ఉంది. పటాలు గీసిన తల కదా, కొలతలతో సహా ఉంది.

ఇంటి దగ్గర చదివించుకునే కుటుంబాలు ఊళ్ళో ఎనిమిదున్నాయి. నెలకోసారి అందరూ కలుస్తారు. అక్కడ ఆయన్ని అందరూ మాస్టారంటారు. బాగా మాట్లాడతాడు మరి. "ఊరే మా పిల్లల పుస్తకం" అంటే చప్పట్లు. శనివారం పొద్దున ఆయన గంటసేపు సైన్సు చెబుతాడు. బెలూన్లు, సబ్బు బుడగలు, గిన్నెలో నీళ్ళు. పిల్లలకి ఆ గంటంటే పండగే, అబద్ధమెందుకు. ఆ తర్వాత నేల తుడవడం మాత్రం సైన్సులోకి రాదు.

ఓసారి ఆమెకి జ్వరమొచ్చింది. "నువ్వు పడుకోవోయ్, ఇవాళ బుధవారం నాది" అని ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఇద్దర్నీ తనకి తోచిన ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. నలభై నిమిషాల్లో ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు.

"వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదోయ్! ఎవరు మీరంటాడు. మర్యాద తెలీదు."

"ఫోన్ చేశారా?"

"ఎవరికి?"

"ఫ్యాక్టరీకి."

"ఫ్యాక్టరీకి ఫోనెందుకు?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు వెళ్ళినప్పుడల్లా తలుపులు తీసే ఉంటాయిగా!"

పిచ్చుక మంచమెక్కి అమ్మ చెవిలో, అందరికీ వినబడేలా, "నాన్న వెళ్తే తెరుచుకోవు. నువ్వు వెళ్తేనే తెరుచుకుంటాయి" అంది. అందరూ నవ్వారు. ఒళ్ళు కాలిపోతున్నా ఆమె కూడా నవ్వింది. ఆ నెల కలిసినప్పుడు ఆయన ఇదే కథ చెప్పి, "మా ఆవిడది అదృష్టమండీ, ఏ గుమ్మం ముందు నిలబడినా తలుపు తెరుచుకుంటుంది" అన్నాడు, ప్రేమగానే. ఎనిమిది కుటుంబాలూ నవ్వాయి. తర్వాతి వారం ఐసు ఫ్యాక్టరీ తలుపు తెరుచుకోవడానికి ఆమె ఏడుసార్లు ఫోన్ చేసిందని అక్కడెవరికీ తెలియదు. ఆమె కూడా చెప్పలేదు.

పోయిన మంగళవారం సర్వే ఆఫీసు నుంచి పెద్దావిడ ఫోన్ చేసింది. పటాలు గీసేవాళ్ళందరికీ పెద్ద ఆవిడ. ఎప్పట్లాగే కుశలప్రశ్నలు లేవు. "ఊరి పటాలన్నీ కొత్తగా గీయాలమ్మా. మంగళ, బుధ, గురు, మూడు రోజులు రా చాలు. ఇక్కడున్నవాళ్ళు గీసే గీత చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. సోమవారం పొద్దున చెప్పు. రానంటే ఇంకో మనిషిని పెట్టుకుంటాను, ఏమీ అనుకోకు." ఫోన్ పెట్టేశాక ఆమె తన కుడిచేతి మధ్యవేలు చూసుకుంది. అక్కడ పెన్ను కాయ కాసి గట్టిగా ఉండేది. ఇప్పుడు మెత్తబడిపోయింది. అంట్ల సబ్బు నానబెట్టేసింది దాన్ని.

సాయంత్రం ఆయనతో చెప్పింది. ఆయన చెప్పులు విప్పుతూ విన్నాడు. "మంచిదేగా. నీ ఇష్టం. కానీ పిల్లల సంగతి కూడా ఆలోచించు. బుధవారాలు ఏమవుతాయి?" లోపల్నుంచి అత్తగారు: "మూడు రోజులు నువ్వు లేకపోతే మరి నా మోకాళ్ళు సహకరించవు తల్లీ, ముందే చెబుతున్నా." అంతే. ఎవరూ వద్దనలేదు. ఎవరూ గొంతు పెంచలేదు. నీ ఇష్టం అన్నాక కానీ ఎందుకండీ? ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడం కాదా? తలుపు తీసి గడప మీద పిల్లల్ని పడుకోబెట్టినట్టు. దాటు, నీ ఇష్టం, ఎవరొద్దన్నారు? ఆమెకి కోపం రావాల్సింది. రాలేదు. తప్పు చేసినట్టనిపించింది. ఆ రాత్రి పెద్దావిడకి రానని చెప్పడానికి మాటలు కూడా కూర్చుకుంది.

గురువారం మధ్యాహ్నం పిల్లలు పటానికి చివరి రంగులు వేస్తున్నారు. ఆదివారం లైబ్రరీ మేడ మీద హాల్లో ఎనిమిది కుటుంబాల పిల్లలూ తాము చేసినవి పెడతారు, మాస్టారు మాట్లాడతారు. ఆమె చీటీలు కత్తిరిస్తూ అలవాటు కొద్దీ పటాన్ని మూలనుంచి మూలకి చూసింది. పాత వృత్తి. ఏది తప్పిందో ముందు కంటికి ఆనుతుంది. పోస్టాఫీసు వీధికీ బేకరీ వీధికీ మధ్య తెల్లటి ఖాళీ.

"ఇక్కడ మనిల్లుండాలి కదే?"

"ఉండకూడదు" అంది లాయరు, తలెత్తకుండా.

"ఏం?"

"పని జరిగే చోట్లే పెట్టాలని నువ్వే చెప్పావుగా."

"అయితే?"

"అయితే ఏంటి? మనింట్లో ఎవరూ పని చెయ్యరుగా. నాన్న ఆఫీసుకెళ్తారు. నానమ్మ కూర్చుంటుంది. మేం చదువుకుంటాం." లాయరు ఒక్క క్షణం ఆగి, న్యాయంగా ఆలోచించి, "నువ్వు మాతో ఉంటావు" అంది.

పిచ్చుక ఆ తెల్లటి ఖాళీలో పచ్చగడ్డి గీసేస్తోంది.

కత్తెర చేతిలోనే ఉండిపోయింది. ఆ వరసలో ఇంకొకరున్నారన్నానే, ఆ మనిషి ఈమే. ఆ నియమం పెట్టింది ఈమె. ఇరవై ఆరు చోట్ల ఇద్దర్నీ నిలబెట్టి, ఎవరు ముందొస్తారో అడగండి, ఎవరు చివర వెళ్తారో అడగండి, ఊడ్చేవాళ్ళని చూడండి, కడిగేవాళ్ళని చూడండి అని వేలు పెట్టి చూపించింది. తనవైపు మాత్రం చూపించలేదు. ఫోనులో "ఏమీ చెయ్యనండీ" అన్నప్పుడల్లా వెనక ఇద్దరు పిల్లలు కూర్చుని విన్నారు. బాగా చదివే పిల్లలు. చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నారు. రేపు వీళ్ళిద్దరూ ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక ఫోనులో, ఇదే మాట అప్పజెబుతారు. రానని చెప్పడానికి కూర్చుకున్న మాటలు అప్పుడు చెరిగిపోయాయి ఆమె మనసులోంచి. వాళ్ళని కోప్పడలేదు. గడ్డి చెరపమనలేదు. అటక మీంచి పాత ట్రేసింగ్ కాగితం చుట్ట దింపింది.

సర్వే ఆఫీసులో ఇది రోజూ చేసే పనే. అసలు పటాన్ని ముట్టుకోరు. దాని మీద అవతలికి కనబడే పల్చటి కాగితం పరిచి, భూమిలోపల పోయే పైపులూ తీగలూ దాని మీద గీస్తారు. పైనున్నదీ కింద ఉన్నదీ ఒకేసారి కనిపిస్తాయి. శనివారం, ఆయన సైన్సు గంటలో, ఆమె వెనక గదిలో తలుపేసుకుని పటం మీద ఆ కాగితం పరిచింది.

"ఏమోయ్, దారం ఎక్కడ?" ఎడమ సొరుగు. "ఏమోయ్, బెలూన్లు?" దారం కిందే. "గుడ్డ ఒకటి కావాలోయ్, నీళ్ళు ఒలికాయి." "అమ్మా, నాన్న గిన్నె పగలగొట్టారు, కానీ ఏం కాలేదు." నాలుగుసార్లు తలుపు కొట్టారు. నాలుగుసార్లూ తలుపు తియ్యకుండానే జవాబు చెప్పింది. ఆ ఇంట్లో అది మొదటిసారి. మొదటి రెండు గీతలూ చెరిపి మళ్ళీ గీసింది, తర్వాత తన గీత తనకి దొరికింది. సన్నగా, తెగకుండా.

ఎర్ర చుక్క ఉంటే బాత్రూం ఉన్నట్టు. కొట్టేసిన చుక్క ఉంటే లేనట్టు. నల్ల గీతలు ఫోన్లు, ఎన్ని ఫోన్లయితే అన్ని గీతలు. చిన్న త్రిభుజం ఆమె నిలబడి ఎదురుచూసిన చోటు. ఏ గుర్తు ఏమిటో కింద మూలన రాసింది. పిచ్చుక వాంతి చేసుకున్న బస్టాపు, లాయరు చెయ్యి విడిపించుకుని పారిపోతే గుండె ఆగినంత పనైన కూడలి, అన్నీ పెట్టింది. గీతలన్నీ ఒక్క చోటునుంచి బయల్దేరాయి. పచ్చగడ్డి మీద సరిగ్గా కూర్చునేలా అక్కడ ఇల్లు గీసింది. దాని కింద, పిల్లల పద్ధతిలోనే రెండు వాక్యాలు: ముందు వచ్చేది అమ్మ. చివర వెళ్ళేది: ఇంకా వెళ్ళలేదు.

ఆదివారం పొద్దున హాల్లో పటం కట్టి, దాని మీద ట్రేసింగ్ కాగితాన్ని పై అంచు పట్టి అతికించింది. ఎవరైనా ఎత్తి చూడొచ్చు, దించి చూడొచ్చు. తన పేరు రాయలేదు, ఎవర్నీ పిలవలేదు. జనం వాళ్ళంతట వాళ్ళే ఆగారు. ఎనిమిది కుటుంబాల్లో ఒకరైన కవలల తల్లి, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషి, ఐసు ఫ్యాక్టరీ దగ్గర వేలు పెట్టి, "ఏడా? నేను తొమ్మిది చేశాను! మీకు ఏడుకే ఒప్పుకున్నాడా?" అని అరిచింది. లైబ్రరీ ఆవిడ దగ్గరికొచ్చి చూసి, "మా బాత్రూం కొట్టేశారేంటండీ?" అంది. "మీరెప్పుడూ తాళం వేస్తారుగా" అని ఈమె అంటే ముఖం ఎర్రబడి, తాళంచెవి కోసం వెళ్ళిపోయింది. లాయరు కాగితం ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. ఇంటి కింద వాక్యం చదివింది. "అంటే డిపో ఆవిడ లాగా" అంది మెల్లగా, వచ్చి అమ్మ నడుము పట్టుకుంది. ఆ రోజు ఇంకేమీ వాదించలేదు.

అత్తగారు కుర్చీ తెప్పించుకుని, పటం ముందు వేయించుకుని, చాలాసేపు చూసింది. అందరూ తిడుతుందనే అనుకున్నారు. తిట్టింది.

"ఏమమ్మాయ్, ముందు లేచేది నువ్వొక్కదానివేనా? సీసాల్లో నీళ్ళు పోసేదెవరు? మీరు ఊరేగి వచ్చాక ఆ బురద బట్టలు నానబెట్టేదెవరు? ఇంత కాగితంలో నాకింత జాగా లేకపోయిందా?"

ఆమెకి తల కొట్టేసినట్టయింది. తనని మర్చిపోయారని మూడ్రోజులు కుమిలింది, తను మర్చిపోయిన మనిషేమో ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. "తప్పే అత్తయ్యా" అని పెన్ను చేతికిచ్చింది. అత్తగారు ఇంటి పక్కన వంకరగా ఒక సీసా గీసి, మూత కూడా పెట్టి, తృప్తిగా చూసుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ మూడు రోజులకీ పో. కానీ నా మీద వెయ్యకు. వాడి మీద వెయ్యి. వాడి మోకాళ్ళు బాగానే ఉన్నాయి" అంది.

అప్పుడొచ్చాడు ఆయన, ఇస్త్రీ చొక్కాలో, ప్రసంగం కాగితం మడిచి జేబులో పెట్టుకుని. కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివాడు. పైపులు గీసిన పటాలతో బతికే మనిషి, ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగి, గీతలు ఒకటీ రెండూ అని లెక్కపెట్టాడు. తన కథ తనకి గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

"నేనెక్కడున్నాను ఇందులో?"

పిచ్చుక గెంతింది. "ఇదిగో నాన్నా! బెలూన్!"

నిజమే, ఇంటి కప్పు మీద బుల్లి బెలూన్ ఉంది, పక్కన "శనివారం, ఒక గంట" అని. అమ్మ అందంగానే గీసింది, ఇష్టంగా గీసింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు, మధ్యలో ఆగిపోయాడు.

"ఇదంతా ముందే చెప్పొచ్చుగా నాతో?"

"మంగళవారం చెప్పాను. నీ ఇష్టం, కానీ, అన్నారు."

ఆమె సంచిలోంచి అట్ట ఊడిపోయిన పుస్తకం తీసింది. ఇరవై ఆరు చోట్ల నంబర్లు, ఎవరు ఎప్పుడు ఫోనెత్తుతారు, ఎవరితో ఎలా మాట్లాడితే ఒప్పుకుంటారు, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన చేతిలో పెట్టింది. కొత్త పేజీలో ఇరవై ఏడోది రైల్వే స్టేషన్.

"ఈ బుధవారం స్టేషన్. బుధవారాలు ఇకమీద మీవి."

"బుధవారం నాకు ఆఫీసుంది కదోయ్."

"నాకూ ఉంది."

హాల్లో అందరూ ఇటే చూస్తున్నారు. పిచ్చుక ఒక్కతే కాగితాన్ని ఎత్తుతోంది, దించుతోంది. ఇల్లు వస్తోంది, పోతోంది.

"స్టేషన్ మాస్టరు పదకొండు దాటితే డ్యూటీ దిగిపోతారు" అందామె. ఆయన చొక్కా జేబులోంచి ప్రసంగం కాగితం తీసి, అక్కడే ఉన్న ఫోను తీసి ఆయన చేతికిచ్చింది. "పదీ నలభై అయింది. ముందు ఆయనకి చెయ్యండి. తర్వాత మీ పై ఆఫీసరుకి చేసి సెలవడగండి. ప్రసంగం అక్కర్లేదు. ఇంకా ఏం చూస్తున్నారు మీరంతా? మీక్కూడా నంబర్లు కావాలంటే పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. చప్పట్లు తర్వాత కొడుదురు గానీ, ఫోన్లు తియ్యండి."